వాసన పోయేదాకా

యలహంక,
12 జూన్ 2024

మామగారికి,

కోడలు నేత్రావతి తల వంచుకునే రాస్తున్న ఉత్తరం.

పెళ్ళయి ఏడేళ్ళయినా మీ ఎదుట నిలబడి నేను నాలుగు మాటలు మాట్లాడలేదు. మీరు తిన్న కంచం తీసేటప్పుడు కూడా నేల చూపులే. ఇప్పుడు ఉత్తరం రాయమంటే చేయి ఆడడం లేదు. కానీ ఫోను చేస్తే మీకు వినపడదు. పక్కింటి సొన్నప్పన్న ఫోను తెచ్చి మీ చెవికి పెట్టడం, మీరు "ఆఁ? ఏమి?" అని అరవడం, ఇక్కడ మీ అబ్బాయి అంతకంటే గట్టిగా అరవడం, అరిస్తే ఆయనకు దగ్గు రావడం. అందుకే, "నువ్వు ఏడో తరగతి చదివినావు గదా, రాయి. మా నాయన నిదానంగా కూడబలుక్కుని చదువుకుంటాడు" అని నన్ను కూర్చోబెట్టారు.

విషయం ఏమిటంటే, ఉగాది నుంచి ఆయనకు దగ్గు తగ్గలేదు. మొదట రాళ్ళ దుమ్ము అనుకున్నాం. వంటింటి గట్లకు గ్రానైట్ కోసే పని కదా, సాయంత్రం ఇంటికి వస్తే కనుబొమల మీద కూడా తెల్లగా దుమ్ము ఉంటుంది. కావ్య "నాన్న ముసలాయన అయినాడు" అని నవ్వుతుంది. రెండు నెలలు దగ్గు మందు తాగారు. చివరికి ఇక్కడి డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. కఫంలో ఏమీ కనపడలేదు గానీ ఎక్స్‌రేలో మచ్చ ఉందట. టీబీ అయి ఉంటుందని మాత్రలు ఇచ్చాడు. ఆరు నెలలు మానకుండా మింగితే నయమవుతుందట. మీరు బెంగ పెట్టుకోవద్దు.

కావ్య ఒకటో తరగతిలో చేరింది. కన్నడం గబగబా మాట్లాడుతుంది. ఇంటి యజమానురాలు సరోజమ్మతో పోట్లాడేది కన్నడంలో, నాతో పోట్లాడేది తెలుగులో.

ఈసారి పట్టుపురుగులు ఎలా ఉన్నాయి? ఆకు సరిపోతుందా?

మీ ఆశీర్వాదం కోరే
నేత్రావతి

*

చిన్నగుండ్లపల్లి, హిందూపురం దగ్గర,
25 జూన్ 2024

అమ్మా నేత్రా,

నీ ఉత్తరం అందింది. రెండు పూటలు పట్టింది చదవడానికి. నీ అక్షరాలు ముత్యాల మాదిరి ఉండాయి. నీ గొంతు ఎట్లుంటాదో నాకు తెలీదు. చెవుడు రాకముందు కూడా నువ్వు మాట్లాడింది లేదు గదా. కాగితం మీద బాగా మాట్లాడతావు.

టీబీ అంటే భయం లేదు. మన ఊర్లో ముగ్గురికి వచ్చి పోయింది. దేవరాజుకు దినానికి రెండు గుడ్లు పెట్టు. రాగిపిండి పంపిస్తా ఉండాను, సద్దిగంజి కాదు, వేడిగా సంగటి చేసి పెట్టు. పురుగులు జ్వరానికి పోతాయి చూడు, చర్మం విడిచే ముందర తల పైకెత్తుకుని ఒక దినమంతా మేత ముట్టకుండా నిద్రపోతాయి. తెలీనోడు చూస్తే చచ్చిపోయినాయి అనుకుంటాడు. మళ్ళీ లేచి, ముందుకంటే రెండింతలు తింటాయి. మావాడిదీ అట్లాంటి జ్వరమే. లేస్తాడు.

ఇక్కడ పంట మూడో జ్వరం లేచింది. నిన్న సొన్నప్ప బీడీ చేత్తో పట్టుకుని షెడ్డు గడప దాకా వచ్చినాడు. "రేయ్, పురుగులు పచ్చగా కక్కి చస్తాయి, దూరం పోరా" అని తరుముకున్నాను. "నువ్వు మాత్రం రెండు కట్టలు ఊదుతావే అప్పా" అంటాడు. ఊదుతా. అయితే నలభై ఏండ్లలో షెడ్డు పక్కన ఒక్క బీడీ ముట్టించలేదు. చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి, వేరే పంచె కట్టుకునే లోపలికి పోతా. పొగాకు చేత్తో ఆకు ముట్టుకున్నా పంట పోతాది.

ఒక మాట అంటా, ఏమీ అనుకోవద్దు. ఆ రాళ్ళ పని వాడికి ఎందుకు? ఇక్కడ ఎకరా మల్బరీ ఉండాది, షెడ్డు ఉండాది. పొమ్మని ఎవరు చెప్పినారో, వాడు ఎందుకు విన్నాడో నాకు ఇప్పటికీ తెలీదు.

కావ్యకు ముద్దులు.

రామాంజినప్ప

*

యలహంక,
20 సెప్టెంబరు 2024

మామగారికి,

ఆలస్యంగా రాస్తున్నందుకు తిట్టుకోకండి. మీరు పంపిన రాగిపిండి అయిపోవచ్చింది. ఆయన సంగటి రెండు ముద్దలు తినేవారు, ఇప్పుడు ఒకటి కూడా సగమే. కొంచెం చిక్కారు.

మాత్రలు మూడు నెలలు మింగినా దగ్గు తగ్గకపోతే పెద్దాసుపత్రికి వెళ్ళాం. అక్కడ పెద్ద యంత్రంలో పడుకోబెట్టి ఫోటోలు తీశారు, వీపులో నుంచి సూది పెట్టి ముక్క తీశారు. ఊపిరితిత్తిలో చీము పట్టిందట. దానికి వేరే మందులు ఎక్కిస్తున్నారు. మందు ఎక్కించిన రోజు నీరసంగా ఉంటారు, తర్వాత బాగుంటారు. పనికి పోవడం మానేశారు. ఇంట్లో ఉంటే కావ్యకు మాత్రం పండగ. నాన్న చేత జడ వేయించుకుంటుంది. ఆ జడ చూసి బళ్ళో పిల్లలు నవ్వుతారట.

గూళ్ళు మార్కెట్టుకు వేసి, పంట అయిపోగానే వచ్చి ఇక్కడే ఉంటానని సొన్నప్పన్న చేత చెప్పించారు. మామా, ఇల్లు చాలా చిన్నది. ఒకటే గది. ఇప్పుడు రావద్దు. ఆయన తేరుకున్నాక మేమే వస్తాం. తప్పుగా అనుకోకండి.

కోడలు
నేత్రావతి

*

చిన్నగుండ్లపల్లి,
2 అక్టోబరు 2024

నేత్రావతికి,

ఉత్తరం చూసినాను.

కన్నకొడుకు ఆసుపత్రుల చుట్టూ తిరుగుతా ఉంటే రావద్దని రాసినావు. నాకు చెవుడు ఉండాది గాని బుద్ధి చెవుడు లేదమ్మా. మీ అత్త అక్కయమ్మ పోయినప్పుడు వాడికి ఆరేండ్లు. అప్పటి నుంచి వాడికి మీసం మొలిచేదాకా నా కంబళిలోనే, నా పక్కనే పండుకున్నాడు. అప్పుడు మా ఇల్లూ ఒకటే గది. మాకు చాలింది.

మెట్ల కింద పండుకుంటా అనుకున్నాను. గేటు దగ్గర పండుకుంటా అనుకున్నాను. నీకు ముసలోని దగ్గు, ముసలోని కంపు పనికి రాదంటే నేనేం చేసేది. పట్నం నేర్పింది అనుకుంటా.

రానులే. గుడ్లు మాత్రం మానొద్దు.

రామాంజినప్ప

*

చిన్నగుండ్లపల్లి,
29 డిసెంబరు 2024

నేత్రావతికి,

సొన్నప్ప చేత నెయ్యి పంపిస్తిని గదా. మీ ఇంటికి తాళం వేసి ఉంటే, కింద సరోజమ్మ ఆసుపత్రి పేరు రాసిచ్చి పంపించిందంట. సొన్నప్పకు కన్నడం చదివేది రాదు. గేటు కాడ కాపలా మనిషిని, ఇది దేనికి ఆసుపత్రి అప్పా అని అడిగినాడు. అతను చెప్పినాడు. సొన్నప్ప నెయ్యి డబ్బా నీ చేతికిచ్చి, నీతో ఏమీ అడక్కుండా వచ్చేసినాడు. నాతో రెండు దినాలు చెప్పలేదు. మూడో దినం నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చినాడు. అప్పుడు చెప్పినాడు.

చీము కాదు గదమ్మా అది.

నేను నిన్ను తిట్టడానికి రాయలేదు. ఒకటే అడగడానికి రాస్తా ఉండాను. ఆ జబ్బు బీడీ తాగేవాళ్ళకు వస్తాదని నేనూ విన్నాను. దేవరాజు బీడీ ముట్టలేదు. సారాయి ముట్టలేదు. నన్ను చూసే అసహ్యం పుట్టి ముట్టలేదని నవ్వేవాడు. మరి వాడికి యాడ నుంచి వచ్చింది?

మూడు దినాలు ఇదే ఆలోచన. నిన్న షెడ్డులోకి పోబోతా, గడప కాడ నిలబడి నోరు పుక్కిలిస్తా ఉండాను. అప్పుడు తట్టింది. చేతిలో చెంబు అట్లనే ఉండిపోయింది.

పురుగుల కోసం నేను బయటికి పోయినాను. వానైనా, చలైనా, షెడ్డు దాటి వచ్చి, ఇంట్లో కూర్చుని తాగినాను. ఇంట్లో ఎవరుండారు? వాడుండాడు. తలుపు వేసుకుని, వాణ్ణి కంబళిలో పెట్టుకుని, ఒక చేత్తో వాణ్ణి జోకొడతా కథ చెప్తా, ఒక చేత్తో బీడీ. పన్నెండేండ్లు. పురుగుకు పొగ పడదని తెలిసినోనికి, కొడుక్కు పడదని తెలీలేదు.

నా పొగేనా అమ్మా? డాక్టరును అడిగి రాయి. నువ్వు అబద్ధం రాస్తే నాకు తెలుస్తాది. అబద్ధం రాసేటప్పుడు నీ అక్షరాలు చిన్నగా వస్తాయి. సెప్టెంబరు ఉత్తరం మళ్ళీ తీసి చూసినాను.

రామాంజినప్ప

*

యలహంక,
5 జనవరి 2025

మామా,

ఈసారి అక్షరాలు పెద్దగానే రాస్తున్నాను.

అది ఊపిరితిత్తి క్యాన్సరే. సెప్టెంబరులోనే తెలిసింది. మీకు చెప్పొద్దని ఆయన నా చేత కావ్య తల మీద చేయి పెట్టించి ఒట్టు వేయించుకున్నారు. "మా నాయనకు ఊపిరితిత్తి అనే మాట వినపడిందంటే చాలు, తన బీడీలు గుర్తొస్తాయి. ఆయన బతకడు" అన్నారు. మీరు అడిగిందే ఆయన ముందే అనుకున్నారు. మీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. గోడ వైపు తిరిగి పడుకున్నారు. తర్వాత "ఇంక ఒట్టు లేదు, రాయి" అన్నారు.

మీ ప్రశ్న డాక్టరును అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయన ఇంగ్లీషులో, కన్నడంలో గబగబా చెప్పి వెళ్ళిపోతాడు. కరుణ అని ఒక నర్సు ఉంది. ఒంగోలు వైపు వాళ్ళు, తెలుగువాళ్ళు. మీ ఉత్తరం తీసుకుపోయి ఆమె చేతిలో పెట్టాను. ఆమె నిలబడే చదివి, తర్వాత నా పక్కన కూర్చుంది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తాను.

"చూడమ్మా, ఈ జబ్బుకు అన్నిటికంటే పెద్ద కారణం పొగాకే. తాగేవాళ్ళకే కాదు, తాగేవాళ్ళ పక్కన ఏళ్ళ తరబడి కూర్చున్న వాళ్ళకీ ముప్పు పెరుగుతుంది. అది నేను కాదనను. రాళ్ళు పొడిగా కోసేటప్పుడు లేచే దుమ్మూ ముప్పే. కట్టెల పొయ్యి పొగా ముప్పే. వీటిలో ఏదీ లేనివాళ్ళకీ వస్తుంది, ఈ వార్డులోనే ఉన్నారు. కానీ ఇతనికి ఇదిగో దీని వల్లే వచ్చిందని రాసి ఇచ్చే పరీక్ష ఏ ఆసుపత్రిలోనూ లేదు. మీ మామగారికి అదే రాయండి."

నాకు సరిగా అర్థం కాలేదని ఆమెకు తెలిసిపోయింది. నేను అప్పుడు మీ పురుగులను తలుచుకున్నాను. ఒకే తట్టలో, ఒకే ఆకు తిన్న పురుగుల్లో కొన్నిటికే సున్నంకట్టు రోగం వస్తుంది కదా, పక్కనున్నవి గూడు కడతాయి కదా, అలాగా అని అడిగాను. ఆమెకు పురుగుల సంగతి తెలియదు. అది తడికి వచ్చే రోగమని నేను చెప్పాక, "అలాగే అనుకోండి. తడి ఎక్కువైతే రోగం ఎక్కువ వస్తుంది. కానీ ఫలానా పురుగుకు ఎందుకు వచ్చిందో చెప్పలేం" అంది.

ఇంకొకటి కూడా చెప్పింది. మూడు వారాలు దాటి దగ్గు తగ్గకపోయినా, కఫంలో రక్తం పడినా, ఊరికే చిక్కిపోతున్నా వెంటనే పెద్ద పరీక్ష చేయించాలట. టీబీ మాత్రలు మింగుతూ మేం పోగొట్టుకున్న నెలలు చాలా విలువైనవట. సొన్నప్పన్నకు చెప్పండి. ఆయన దగ్గూ పాతదే.

మామా, మీరు అడిగారు కాబట్టి మీ పొగ లెక్కలో లేదని రాయను. అదొక్కటే అని కూడా రాయను. ఎందుకంటే లెక్కలో నేనూ ఉన్నాను.

ఈ ఊరికి పొమ్మని చెప్పింది నేనే. కావ్య కడుపులో ఉన్నప్పుడు పురుగుల వాసన, నలిగిన ఆకు వాసన నాకు పడేది కాదు. నీళ్ళు తాగినా వాంతి. మీతో చెప్పడానికి సిగ్గు. రోజూ ఆయన దగ్గర ఏడ్చి, "నేను ఇక్కడ ఉండలేను, ఎక్కడికైనా తీసుకుపో" అన్నాను. కూలి బాగా వస్తుందని మీతో చెప్పి ఆయన బయలుదేరారు. ఆ రాళ్ళ దుమ్ము నా వల్లే. జూన్‌లో మీరు "పొమ్మని ఎవరు చెప్పినారో" అని రాసినప్పుడు ఆ ఉత్తరం బియ్యం డబ్బాలో దాచాను.

మిమ్మల్ని రావద్దన్నదీ ఇల్లు చిన్నదని కాదు. ఆయన పక్కన, కావ్య పక్కన ఎవరూ పొగ తాగకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. మీతో బీడీ తాగొద్దని ఆయన చెప్పలేరు. కోడల్ని, నేనెలా చెప్పను? అది రాయలేక ఇల్లు చిన్నదని రాశాను. మీకు ముసలి కంపు అని నేను కలలో కూడా అనుకోలేదు.

ఇప్పుడు రండి. బీడీ గేటు బయట తాగి రండి, చాలు. మందు మారింది, మాత్రలు ఇచ్చారు. వారం నుంచి ఆయాసం తగ్గింది. మెట్లు దిగి సరోజమ్మ గుమ్మం దాకా నడిచారు. ఇంకా కొన్ని నెలలు టైము ఉందని డాక్టరు అన్నాడు.

మీరు తిట్టినా సరే, వచ్చి తిట్టండి.

నేత్రావతి

*

చిన్నగుండ్లపల్లి,
12 జనవరి 2025

అమ్మా నేత్రా,

తొమ్మిదో తేదీ మధ్యాహ్నం నీ ఉత్తరం వచ్చింది. చదివి, జేబులో ఉండే కట్టను పొయ్యిలో వేసినాను. అప్పటి నుంచి ముట్టలేదు. నాలుగో దినం ఇది. చేతులు వణుకుతా ఉండాయి, అందుకే అక్షరం ఇట్లుండాది. సొన్నప్పా మానేసినాడు, అయితే వాడు పూటకొకసారి మానేస్తాడు.

పిచ్చిదానా, కడుపుతో ఉండే ఆడది వాంతి చేసుకుంటే అది తప్పా? నీ అత్త కూడా అంతే. కావ్య తండ్రి కడుపులో ఉన్నప్పుడు మూడు నెలలు షెడ్డు వైపు చూడలేదు. నాకు చెప్పి ఉంటే నిన్ను మీ అమ్మ దగ్గరికి పంపించేవాణ్ణి. కథ అంతే. దాన్ని ఇన్నేండ్లు మోసినావు.

అట్లనే, "బీడీ తాగే పనైతే రావద్దు" అని ఒక్క ముక్క రాసి ఉంటే, సెప్టెంబరులోనే కట్టను పారేసి వచ్చేవాణ్ణి. నలభై ఏండ్లు పురుగుల కోసం బయటికి పోయినోణ్ణి, వాడి కోసం పోనా? సరే, నువ్వు సిగ్గుపడితివి, నేను రోషపడితిని. మధ్యలో నాలుగు నెలలు పోయినాయి.

వస్తాను. అయితే ఇప్పుడే కాదు. నా వొళ్ళంతా పొగే ఉండాది. ఊపిరిలో, పంచెలో, కంబళిలో, గోళ్ళల్లో. గేటు బయట తాగి లోపలికి వస్తే అది వాడి మీదికి రాదా? పురుగుల దగ్గరికే అట్ల పోను. ఒక పంట కాలం, గుడ్డు పగిలిన దినం నుంచి గూడు కట్టేదాకా, ఇరవై ఎనిమిది దినాలు, ఊపిరి కడుక్కుని వస్తాను. ఫిబ్రవరి ఆరో తేదీకి సరిగా అవుతాది. కంబళిని కుంకుడుకాయతో ఉతకడం మొదలుపెట్టినాను. ఒకసారికి పోలేదు.

కొన్ని నెలలు ఉండాదని డాక్టరు చెప్పినాడు గదా. ఇరవై ఎనిమిది దినాలు ఎంత సేపు.

దేవరాజుకు చెప్పు, నాయన వాసన లేకుండా వస్తాడని.

రామాంజినప్ప

*

యలహంక,
18 జనవరి 2025

మామా,

మీ ఉత్తరం ఆయనకు రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వారు. నవ్వితే దగ్గు వచ్చింది, అయినా నవ్వారు. "చూస్తివా, నా మీద పంట పెట్టినాడు మా నాయన! నన్నూ పురుగుల కిందే లెక్క వేసినాడు" అన్నారు. దగ్గు ఆగాక, "మంచిదేలే. పురుగుల్ని చూసుకున్నట్టు ఆయన ఎవర్నీ చూసుకోడు" అన్నారు.

వెంటనే రమ్మని రాయనా అని అడిగాను. "వద్దులే. నలభై ఏండ్ల బీడీ మానేసినాడు. మొక్కు మాదిరి చేస్తా ఉండాడు, మధ్యలో చెడగొట్టొద్దు" అన్నారు. కావ్య క్యాలెండరు మీద ఫిబ్రవరి ఆరు దగ్గర ఎర్ర పెన్సిలుతో తాత బొమ్మ వేసింది. చెవులు ఏనుగు చెవుల్లా ఉన్నాయి. అంత పెద్ద చెవులుంటే తాతకు వినపడుతుందట.

రెండోసారి చదివినప్పుడు ఆయన ఇంకొక మాట అన్నారు. మీకు రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు. చెడ్డ మాట కాదు. మీరు వచ్చాక ఆయనే చెబుతారు.

చలికి జాగ్రత్త.

నేత్రావతి

*

చిన్నగుండ్లపల్లి,
3 మార్చి 2025

అమ్మా నేత్రా,

వాడు పోయి నెలైంది. ఫిబ్రవరి రెండు పొద్దున. నాకు అప్పటికి ఇరవై నాలుగు దినాలే నిండినాయి.

పదకొండు దినాలు నీ ఇంటి కాడ ఉన్నా నీతో మాట్లాడలేదు. నీకు సిగ్గు, నాకు చెవుడు. ఇప్పుడు కాగితం మీదనే మాట్లాడతా. రక్తం గడ్డ కట్టి ఊపిరితిత్తికి అడ్డం పడిందని, అది ఎవురూ అనుకోలేదని ఆ కరుణమ్మ నాకు చేతులతో చూపించి చెప్పింది. మంచి పిల్ల. నువ్వు తొందరగా రమ్మని రాయలేదని బాధపడొద్దు. నాలుగు దినాలు మిగిలినాయని నేనే లెక్క పెట్టుకుంటా కూర్చున్నాను. లెక్క తప్పింది నాది.

ఇంట్లోకి రా అని అందరూ పిలిస్తే నేను గుమ్మం బయటే కూర్చున్నానని సరోజమ్మ కోప్పడింది. నీళ్ళు కూడా బయటే తాగినాను. ఎందుకంటే పంట కాలం నిండలేదు. వాడు పోయినాడని తెలుసు. అయినా కాలు లోపలికి పోలేదు. ఆరో తేదీ దాటినాక కూడా పోలేదు. కావ్య వచ్చి నా పక్కన కూర్చుని, చెవిలో ఏమో అరిచింది. వినపడలేదు. తల ఆడించినాను.

వాడు నన్ను క్షమించినాడా అని నిన్ను అడగలేదు. అడగను. వాడు రాయొద్దన్న మాట ఏమిటో కూడా నాకు తెలుసనే అనుకుంటా ఉండాను. నాయన పొగే నన్ను తినింది అని అని ఉంటాడు. కడుపులో పెట్టుకుని, నీ ముందర నవ్వినాడు. వాడి గుణం అదే. నువ్వు రాయకపోయినా పరవాలేదు. నేను దగ్గర లేకపోవడమే మేలైంది. ఆఖరి ఊపిరిలో నా వాసన తగలకుండా పోయినాడు. అదొక్కటే నేను వాడికి చేసింది.

ఈ తడవ పురుగు గుడ్లు తెచ్చుకోలేదు. షెడ్డు ఖాళీగా ఉండాది. బీడీ ముట్టలేదు. ఎవరి కోసమో తెలీదు.

కంబళి కావ్యకు వదిలి వచ్చినాను. మూడుసార్లు ఉతికినాను. భయం లేదు, కప్పు.

రామాంజినప్ప

*

యలహంక,
10 మార్చి 2025

మామా,

మీ ఉత్తరం చదివి పొయ్యి కట్టేసి కూర్చున్నాను. మీరు అనుకున్నది తప్పు. ఆయన రాయొద్దన్న మాట ఇప్పుడు రాస్తాను. ఆయన కోప్పడడానికి లేరు.

జనవరిలో మీ ఉత్తరం రెండోసారి చదివి, "నాయన వాసన లేకుండా వస్తాడని" అన్న దగ్గర ఆగాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. అలాగే అన్నారు: "వాసన లేకుండా వస్తే అది మా నాయనేనని నాకెట్ల తెలుస్తాది నేత్రా? అమ్మ పోయినాక నాకు నిద్ర పట్టింది ఆ వాసనలోనే. పొగ చెడ్డదే, మానేయనీ. ఆ కంబళిని మాత్రం ఉతక్కుండా ఉంటే బాగుండు." అని, వెంటనే కళ్ళు తెరిచి, "ఇది రాయొద్దు. రాస్తే మానేసినోడు మళ్ళీ ముట్టిస్తాడు" అన్నారు.

అంతే మామా. దాంట్లో ఒక్క అక్షరం నేను కలపలేదు. నా అక్షరాలు చూడండి.

ఆ పొగ ఆయనకు చేటు చేసి ఉండొచ్చు. చేసి ఉండకపోవచ్చు. కరుణ చెప్పినట్టు రాసిచ్చే పరీక్ష లేదు. కానీ ఆయన మిమ్మల్ని దూరం పెట్టి పోలేదు. ఫిబ్రవరి ఒకటిన మధ్యాహ్నం కావ్యను పక్కన కూర్చోబెట్టుకుని, "తాతకు ఇంకా ఎన్ని రోజులు?" అని అడిగారు. "అయిదు" అంది. "అయిదేనా, వచ్చేస్తాడు" అని అన్నం తిన్నారు. ఆ రోజు ముద్ద మొత్తం తిన్నారు. ఈ మాట నేను మీకు పదకొండు రోజుల్లో ఎప్పుడైనా చెప్పి ఉండాల్సింది. మీ ముందు మంచినీళ్ళ చెంబు పెట్టి, చెబుదామని నిలబడి, తల దించుకుని లోపలికి వచ్చేశాను. రోజూ అదే. ఆయన పోయిన రోజు మీరు స్టేషన్ కొళాయి దగ్గర తల మీద నీళ్ళు పోసుకుని, తడి తలతో వచ్చి గుమ్మంలో నిలబడినప్పుడే మీరు ఇంకా ఆ వాసనే కడుక్కుంటున్నారని నాకు అర్థమయింది. అప్పుడైనా నోరు తెరిచి ఉండాల్సింది.

కావ్య మీ చెవిలో ఏం అరిచిందో అడిగాను. "తాతా, లోపలికి రా, నాన్న చోటు ఖాళీగా ఉంది" అందట.

రోజూ ఆ కంబళి కప్పుకునే పడుకుంటోంది. మొన్న దాంట్లో ముఖం పెట్టి చాలాసేపు పీల్చింది. "నాన్న చెప్పిన తాత వాసన ఇందులో ఏదీ లేదే అమ్మా" అంది. నేనూ ముఖం పెట్టి చూశాను. కుంకుడుకాయ వాసన తప్ప ఏమీ లేదు. మీరు అంత బాగా ఉతికారు.

గుడ్లు తెచ్చుకోండి మామా. షెడ్డు ఖాళీగా పెట్టొద్దు. బీడీ వద్దు, అది కావ్య కోసం. పంట నాలుగో జ్వరం లేచినప్పుడు మీకు ఊపిరి సలపనంత పని ఉంటుంది కదా. బడి సెలవులకు మేం వచ్చి ఆకు కోస్తాం. అంతవరకు ఆగలేను. ఒకసారి మీరే రావాలి. ఈసారి నేనే గుమ్మం దాకా వచ్చి, నోటితో పిలుస్తాను. మీకు వినపడేంత గట్టిగా పిలుస్తాను.

స్నానం చేసి రావద్దు. పంచె మార్చుకోవద్దు. షెడ్డులో నుంచి అలాగే వచ్చి రైలెక్కండి. చెమట వాసన, నలిగిన ఆకు వాసన, పురుగుల వాసన, ఏదైనా సరే, ఆ పిల్లకు తాత వాసన ఒకటి ఉండాలి.

నాకు ఇప్పుడు వాంతి రాదు.

మీ కూతురు లాంటి
నేత్ర